అడాల్ఫ్ దోబ్రియాన్‌స్కీ (1817–1901): కార్పాతియన్ రుసిన్‌ల జాతీయ పునరుజ్జీవనం

పరిచయం

1848 నాటి విప్లవాల గురించి చదివేటప్పుడు హంగేరీ అనగానే మనకు లయోష్ కొషూత్ గుర్తుకు వస్తాడు. వియన్నాలోని హాబ్స్‌బర్గ్ ప్రభుత్వాన్ని ఎదిరించి, స్వేచ్ఛ కోసం పోరాడి, చివరకు రష్యా జార్ సైన్యం చేతిలో ఓడిపోయిన జాతిగా హంగేరియన్‌లను పాఠ్యగ్రంథాలు చూపిస్తాయి. ఈ చిత్రణ తప్పు కాదు. అయితే 1849 వేసవిలో ఆ జార్ సైన్యం వెంట ఆస్ట్రియా ప్రభుత్వం తరఫున పౌర కమిషనర్‌గా పనిచేసిన వ్యక్తి ఒకడున్నాడు. ఆయన హంగేరీ రాజ్యంలోనే పుట్టాడు, అక్కడే చదువుకున్నాడు. విప్లవం అణగిపోవడాన్ని ఆయన తన ప్రజల ఓటమిగా కాక, వారికి దొరికిన తొలి అవకాశంగా భావించాడు. ఆయన పేరు అడాల్ఫ్ దోబ్రియాన్‌స్కీ. ఆయన ప్రజలు రుసిన్‌లు.

ఈ పాఠంలో మనం ఒక చిన్న జాతి నాయకుని జీవితాన్ని పరిశీలిస్తాం. చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్నను మనస్సులో ఉంచుకోండి: సొంత బలం లేని జాతి తన హక్కుల కోసం ఒక పెద్ద శక్తిని ఆశ్రయించినప్పుడు అందులో లాభమెంత, నష్టమెంత? దోబ్రియాన్‌స్కీని హంగేరియన్ చరిత్రకారులు చాలాకాలం ద్రోహిగా చూశారు. రుసిన్‌లలో అనేకులు ఆయనను జాతి నాయకునిగా గౌరవించారు. ఈ రెండు అభిప్రాయాలలో ఏదో ఒకదాన్ని ఎంచుకోవడం తేలిక. ఆయన ఎదుట నిజంగా ఏ మార్గాలు ఉండేవో తెలుసుకోవడం కొంచెం కష్టం, కాని చరిత్ర విద్యార్థి చేయవలసిన పని అదే.

రుసిన్‌లు ఎవరు?

కార్పాతియన్ పర్వతాల వాలులలో నివసించే తూర్పు స్లావ్ ప్రజలు రుసిన్‌లు. వారి గ్రామాలు నేడు స్లొవేకియా ఈశాన్య భాగంలో, ఉక్రెయిన్‌లోని జకర్పత్తియా ప్రాంతంలో, పోలండ్ ఆగ్నేయ మూలలో ఉన్నాయి. పంతొమ్మిదవ శతాబ్దంలో పర్వతాలకు దక్షిణాన ఉన్న రుసిన్‌లు హంగేరీ రాజ్యంలోనూ, ఉత్తరాన ఉన్నవారు ఆస్ట్రియా ఏలుబడిలోని గలీసియాలోనూ ఉండేవారు. రెండు భాగాలకూ చక్రవర్తి ఒక్కడే అయినా చట్టాలు, పాలకవర్గాలు వేరు. హంగేరీలో మాగ్యార్ ప్రభువులు, గలీసియాలో పోలిష్ ప్రభువులు భూములకు యజమానులు.

ఆ శతాబ్దం మధ్యనాటికి హంగేరీలోని రుసిన్‌ల సంఖ్య నాలుగైదు లక్షలు. వారిలో అత్యధికులు కొండ పొలాలు సాగుచేసుకునే రైతులు, అడవిలో కలప కొట్టేవారు, గొర్రెల కాపరులు. ప్రభువర్గం లేదు. ప్రభువులైన కుటుంబాలు ఎప్పుడో మాగ్యార్‌లలో కలిసిపోయాయి. పట్టణ వర్తక వర్గమూ లేదు. చదువుకున్నవారంటే గ్రీకు కాథలిక్ మతగురువులు, వారి పిల్లలు మాత్రమే. ఈ చర్చి 1646లో ఉజ్‌హొరోద్‌లో కుదిరిన ఒప్పందంతో రోమ్ పోప్ అధికారాన్ని అంగీకరించింది. కాని ఆరాధన మాత్రం తూర్పు పద్ధతిలో, ప్రాచీన స్లావ్ భాషలోనే సాగింది. మతగురువులు వివాహం చేసుకోవచ్చు. అందువల్ల గురువుల కుటుంబాలు తరతరాలుగా ఒక చిన్న విద్యావంత వర్గంగా నిలిచాయి. రుసిన్ జాతీయోద్యమంలో కనిపించే పేర్లన్నీ దాదాపుగా ఈ ఇళ్ల నుండే వచ్చాయి. ఈ సంగతిని గుర్తుంచుకోండి. తరువాతి పరిణామాలకు మూలం ఇక్కడే ఉంది.

బాల్యం, విద్య

దోబ్రియాన్‌స్కీ 1817 డిసెంబరులో, నేటి తూర్పు స్లొవేకియాలోని రుద్లోవ్ గ్రామంలో జన్మించాడు. తండ్రి ఇవాన్ గ్రీకు కాథలిక్ మతగురువు. అడాల్ఫ్ కొషిత్సెలో తత్వశాస్త్రం, ఎగెర్‌లో న్యాయశాస్త్రం చదివాడు. తరువాత బాన్‌స్కా ష్టియావ్నిత్సా పట్టణంలోని గనుల అకాడమీలో చేరి ఇంజనీరుగా ప్రభుత్వ ఉద్యోగంలో ప్రవేశించాడు. మతగురువు కుమారుడు మతగురువు కావడమే ఆనవాయితీ అయిన సమాజంలో ఇది అరుదైన మార్గం. న్యాయశాస్త్రం తెలిసిన, జర్మన్ భాషలో వియన్నా అధికారులతో సమానంగా మాట్లాడగలిగిన, చర్చి పదవిపై ఆధారపడని రుసిన్ నాయకుడు అంతకుముందు లేడనే చెప్పాలి.

ఆయన ఉద్యోగంలో ఉన్న కాలంలోనే హంగేరీలో భాషా విధానం మారింది. శతాబ్దాలుగా పాలనాభాషగా ఉన్న లాటిన్ స్థానంలో 1844లో హంగేరియన్ అధికార భాష అయింది. లాటిన్ ఎవరి మాతృభాషా కాదు కాబట్టి అది ఎవరికీ ప్రత్యేకంగా అన్యాయం చేయలేదు. హంగేరియన్ అలా కాదు. స్లొవాక్‌లు, రొమేనియన్‌లు, సెర్బులు, రుసిన్‌లు తమ జనాభా సంగతి ఆలోచించడం మొదలుపెట్టారు. రాజ్యంలో మాగ్యార్‌లు సగం కంటె తక్కువ.

1848–49: రెండు వైపులా స్వేచ్ఛ

1848 మార్చిలో హంగేరీలో విప్లవ ప్రభుత్వం ఏర్పడింది. ఆ ఏప్రిల్ చట్టాలు రైతులను భూస్వామ్య దాస్యం నుండి విముక్తి చేశాయి. రుసిన్ రైతుకు కూడా ఈ మేలు కొషూత్ అనుచరుల చేతుల మీదుగానే జరిగిందన్న విషయం మరువరాదు. హంగేరీ విప్లవ సైన్యంలో చేరి పోరాడిన రుసిన్‌లు ఉన్నారు. పద్దెనిమిదవ శతాబ్దారంభంలో రాకోట్సి తిరుగుబాటులో పాల్గొన్నందుకు మాగ్యార్‌లు రుసిన్‌లను అత్యంత విశ్వాసపాత్రులైన ప్రజలని పొగిడేవారు. అయితే ఆ పొగడ్తలో ఒక షరతు దాగి ఉంది: విశ్వాసంగా ఉండాలి, వేరే జాతిగా గుర్తింపు మాత్రం అడగరాదు. వ్యక్తులకు హక్కులిచ్చిన విప్లవం జాతులకు హక్కులివ్వడానికి అంగీకరించలేదు.

ఇదే సమయంలో పర్వతాలకు ఆవల, 1848 మే నెలలో ల్వీవ్ నగరంలో గలీసియా రుసిన్‌లు తమ ప్రధాన మండలిని స్థాపించుకున్నారు. దోబ్రియాన్‌స్కీ వారితో సంబంధాలు పెట్టుకున్నాడు. 1849 జనవరిలో హంగేరీ రుసిన్‌ల తరఫున చక్రవర్తికి సమర్పించిన విజ్ఞాపనలో, హంగేరీలోని రుసిన్ ప్రాంతాలను గలీసియా రుసిన్ ప్రాంతాలతో కలిపి ఒకే రాష్ట్రంగా చేయాలని కోరాడు. అంటే వెయ్యేళ్ల హంగేరీ సరిహద్దును చెరిపివేయమన్న మాట. బుడాపెస్ట్‌లో ఈ కోరికను ఎలా చూసి ఉంటారో ఊహించవచ్చు.

ఇక జార్ సైన్యం. యువ చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ తన బలంతో హంగేరీని లొంగదీయలేక నికోలాస్ I సహాయం కోరాడు. 1849 వేసవిలో రష్యా సైన్యం కార్పాతియన్ కనుమల గుండా దిగివచ్చింది. ఆగస్టు 13న హంగేరీ ప్రధాన సైన్యం విలాగోష్ వద్ద లొంగిపోయింది. ఆ సైన్యంతో ఉన్న ఆస్ట్రియా కమిషనర్ దోబ్రియాన్‌స్కీ. గ్రామాల మీదుగా వెళ్తున్న రష్యన్ సైనికుల మాట రుసిన్ రైతులకు కొంతవరకు అర్థమైంది. వారి ప్రార్థనలు తమ ప్రార్థనల వలెనే వినిపించాయి. అంతటి పెద్ద సామ్రాజ్యంలో తమ భాషను పోలిన భాష మాట్లాడతారన్న సంగతి చదువుకున్న రుసిన్‌లపై గాఢమైన ప్రభావం చూపింది. దోబ్రియాన్‌స్కీ ఆ ప్రభావం నుండి జీవితాంతం బయటపడలేదు.

ఉజ్‌హొరోద్ జిల్లా: ఐదు నెలల ప్రయోగం

1849 అక్టోబరులో దోబ్రియాన్‌స్కీ నాయకత్వంలో రుసిన్ ప్రతినిధి బృందం వియన్నా వెళ్లి చక్రవర్తిని కలిసింది. గలీసియాతో ఏకీకరణ సాధ్యం కాదని అప్పటికే తేలిపోయింది. కాబట్టి ఈసారి కోరికలు ఆచరణకు దగ్గరగా ఉన్నాయి: రుసిన్‌లను ప్రత్యేక జాతిగా గుర్తించాలి. వారు నివసించే ప్రాంతాలలో వారి భాష బడులలోనూ, కచేరీలలోనూ వాడాలి. అధికారులుగా రుసిన్‌లను నియమించాలి. ఒక వార్తాపత్రిక ఉండాలి. సైన్యంలో రుసిన్ సైనికులకు వారి సంప్రదాయానికి చెందిన మతగురువులు ఉండాలి.

ఓడిన హంగేరీని వియన్నా అప్పుడు సైనిక జిల్లాలుగా విడగొట్టి పాలిస్తోంది. కొషిత్సె సైనిక జిల్లా కింద ఉజ్‌హొరోద్ కేంద్రంగా ఒక పౌర జిల్లా ఏర్పడింది. ఉంగ్, బెరెగ్, ఉగోచా, మారమరోష్ అనే నాలుగు కౌంటీలు అందులో ఉన్నాయి. దాని అధిపతి వేరొకరైనా, రెండవ స్థానంలో ఉండి పనులు నడిపించినవాడు దోబ్రియాన్‌స్కీ. ఆయన రుసిన్‌లను ఉద్యోగాలలో నియమించాడు. ఉజ్‌హొరోద్‌లో రుసిన్ భాషలో బోర్డులు వెలిశాయి. ఉన్నత పాఠశాలలో ఆ భాష బోధన ప్రారంభమైంది. కచేరీ గుమ్మం దగ్గర టోపీ చేతిలో పట్టుకుని దుబాసీ కోసం ఎదురుచూసే రైతు, తన మాటలోనే అర్జీ చెప్పుకోగలిగాడు. రుసిన్‌ల చరిత్రలో ఇలాంటిది అంతకుముందు జరగలేదు.

1850 మార్చిలో జిల్లా రద్దయింది. దోబ్రియాన్‌స్కీకి మరోచోట ఉద్యోగం ఇచ్చారు.

ఎందుకిలా జరిగింది? కొందరు రచయితలు మాగ్యార్ ప్రభువుల ఫిర్యాదులే కారణమంటారు. ఫిర్యాదులు వచ్చిన మాట నిజమే. కాని అసలు కారణం వియన్నాలోనే ఉంది. మాగ్యార్‌లపై యుద్ధం సాగుతున్నంతకాలం చక్రవర్తికి రుసిన్‌లు, స్లొవాక్‌లు, రొమేనియన్‌లు, క్రొయేట్‌లు అవసరం. 1849 మార్చి రాజ్యాంగం జాతులన్నీ సమానమని ప్రకటించింది అందుకే. యుద్ధం ముగియగానే ఆ అవసరం తీరిపోయింది. ఆ తరువాతి దశాబ్దం కేంద్రీకృత నిరంకుశ పాలనది. విశ్వాసపాత్రులకూ, తిరుగుబాటుదారులకూ ఒకే జర్మన్ భాషా పాలన దక్కింది. మాగ్యార్‌లకు శిక్షగా వచ్చినదే రుసిన్‌లకు బహుమానంగా వచ్చిందని ఆ రోజులలో ఒక చేదు హాస్యోక్తి ప్రచారంలో ఉండేది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. పైనుండి ఇచ్చిన హక్కు పైనుండే పోయింది. దాన్ని నిలబెట్టుకునేందుకు వీధిలోకి రాగల పట్టణ ప్రజ, పన్నులు ఆపగల భూస్వాములు, పార్లమెంటులో ఓట్లు రుసిన్‌లకు లేవు. దోబ్రియాన్‌స్కీ చక్రవర్తిని ఆశ్రయించడం బలహీనతే కావచ్చు. కాని ఆశ్రయించకుండా ఉండి ఆయన మరేం చేయగలిగేవాడన్న ప్రశ్నకు ఆయన విమర్శకులు సులభంగా జవాబు చెప్పలేరు.

పార్లమెంటులోనూ, సంఘాలలోనూ

1860 తరువాత సామ్రాజ్యంలో రాజకీయాలు మళ్లీ మొదలయ్యాయి. 1861లో దోబ్రియాన్‌స్కీ హంగేరీ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. స్లావ్ పక్షపాతి అన్న ఆరోపణపై ఆ ఎన్నికను రద్దు చేశారు. సభలో చేయలేకపోయిన ప్రసంగాన్ని ఆయన వియన్నాలో అచ్చువేయించాడు. హంగేరీ బహుజాతి రాజ్యమనీ, జాతులకు తమ ప్రాంతాలలో స్వయంపాలన ఉండాలనీ ఆయన వాదన. నేటి భాషలో చెప్పాలంటే అది సమాఖ్య వాదం.

ఆయన దృష్టి రుసిన్‌లకే పరిమితం కాలేదు. 1863లో మార్టిన్ పట్టణంలో స్లొవాక్‌ల సాంస్కృతిక సంస్థ మాతిత్సా స్లొవెన్‌స్కా ఆవిర్భవించినప్పుడు దాని వ్యవస్థాపకులలో ఆయన ఒకడు. అంతకు ముందే, 1862లో, కవి, మతగురువు అలెక్సాండర్ దుఖ్నోవిచ్‌తో కలిసి ప్రెషోవ్‌లో రుసిన్ విద్యార్థులకు సహాయం చేసే సంఘాన్ని స్థాపించాడు. కొండ గ్రామం నుండి పట్టణ బడికి వచ్చిన పిల్లవానికి ఉండేందుకు చోటు, తినేందుకు తిండి లేకపోతే భాషా హక్కుల గురించి ఎంత మాట్లాడినా ప్రయోజనం లేదని ఇద్దరికీ తెలుసు. 1866లో ఇవాన్ రకోవ్‌స్కీతో కలిసి ఉజ్‌హొరోద్‌లో సెయింట్ బసిల్ సంఘాన్ని ప్రారంభించాడు. పాఠ్యపుస్తకాలు ప్రచురించడం దాని ప్రధాన లక్ష్యం. 1867 నుండి 'స్వెత్' పత్రిక వెలువడింది.

1865లో మళ్లీ పార్లమెంటుకు ఎన్నికైన దోబ్రియాన్‌స్కీ ఈసారి సభలో కూర్చోగలిగాడు. కాని ఆయన కళ్లముందే ఆటంతా మారిపోయింది. 1866లో ప్రష్యా చేతిలో ఓడిన ఫ్రాంజ్ జోసెఫ్ 1867లో మాగ్యార్‌లతో రాజీ చేసుకుని, రాజ్యంలో సగభాగాన్ని వారికి అప్పగించాడు. రుసిన్‌లు పద్దెనిమిదేళ్లుగా ఆశ పెట్టుకున్న చక్రవర్తి వారిని బుడాపెస్ట్‌కు వదిలివేశాడు. 1868 జాతుల చట్టం హంగేరీలో ఒకే రాజకీయ జాతి ఉందనీ, అది హంగేరియన్ జాతి అనీ ప్రకటించింది. ప్రాథమిక పాఠశాలలోనూ, స్థానిక పాలనలోనూ ఇతర భాషలకు చోటిచ్చిన ఆ చట్టం కాగితం మీద ఉదారమైనదే. అమలు చేసేవారు ఉదారులు కారు.

తరువాతి దెబ్బ సొంత చర్చి నుండే తగిలింది. ముకాచెవో బిషప్‌గా వచ్చిన స్టెఫాన్ పాన్‌కోవిచ్ మాగ్యార్ అనుకూల వాది. సెయింట్ బసిల్ సంఘం నుండి దోబ్రియాన్‌స్కీ, రకోవ్‌స్కీ వర్గాన్ని తొలగింపజేశాడు. రుసిన్ విద్యావంతులంటే మతగురువులే అని పైన చెప్పుకున్నాం. మతగురువు జీవనం బిషప్ దయపై, బిషప్ నియామకం ప్రభుత్వ దయపై ఆధారపడి ఉంటే, ఒక్క బిషప్‌ను మార్చి మొత్తం ఉద్యమాన్ని నిలిపివేయవచ్చు. సరిగ్గా అదే జరిగింది. ఒక తరంలోపే అనేక గురువుల ఇళ్లలో హంగేరియన్ మాట్లాడసాగారు. 1871లో ఉజ్‌హొరోద్ నడిబొడ్డున దోబ్రియాన్‌స్కీపై దాడి జరిగింది. ఆయన తప్పించుకున్నాడు గాని కుమారుడు మిరోస్లావ్ తీవ్రంగా గాయపడ్డాడు. ఆ తరువాత ఆయన చెర్తిజ్నె గ్రామంలోని తన ఎస్టేటుకు వెళ్లిపోయాడు.

ఏ భాషలో?

దోబ్రియాన్‌స్కీ కృషిలో అన్నిటికంటె వివాదాస్పదమైనది భాషా ప్రశ్న. రుసిన్‌లు వేరే జాతి కారనీ, కార్పాతియన్‌ల నుండి పసిఫిక్ వరకు విస్తరించిన ఒకే రష్యన్ జాతిలో భాగమనీ ఆయన నమ్మాడు. కాబట్టి వారికి కొత్తగా సాహిత్య భాష అక్కరలేదు, రష్యన్ సిద్ధంగా ఉంది. నాలుగైదు లక్షల మంది మాట్లాడే గ్రామీణ మాండలికం హంగేరియన్ ముందు నిలవలేదు, పుష్కిన్ భాష నిలుస్తుంది అన్నది ఈ ఆలోచన వెనుక ఉన్న లెక్క. దుర్బలుడు గొప్ప బంధువును చూపించి ధైర్యం తెచ్చుకోవడం వంటిదిది. అర్థం చేసుకోదగినదే.

కాని ఈ లెక్కలో రైతు లేడు. దుఖ్నోవిచ్ 1847లో పిల్లల కోసం రాసిన వాచకం గ్రామస్థుల పలుకుబడికి దగ్గరగా ఉండి బాగా చదివించుకుంది. 'స్వెత్' పత్రిక భాష అలాంటిది కాదు. రష్యన్, ప్రాచీన స్లావ్, స్థానిక పదాలు కలగలిసిన ఆ భాషను చదవడానికి గ్రామ గురువులే ఇబ్బంది పడేవారు. దోబ్రియాన్‌స్కీ ముఖ్య రచనలు జర్మన్‌లోనూ, రష్యన్‌లోనూ ఉన్నాయి. రైతు మాటను కచేరీ గుమ్మం దాటించిన మనిషే, ఆ మాట అచ్చుకు తగదని భావించాడు. ఆయన జీవితంలోని పెద్ద వైరుధ్యం ఇదేనని ఈ రచయిత అభిప్రాయం.

ల్వీవ్ విచారణ, చివరి రోజులు

1881లో దోబ్రియాన్‌స్కీ కుమార్తె ఓల్గా హ్రబార్‌తో కలిసి ల్వీవ్ చేరాడు. ఆ సంవత్సరాంతంలో గలీసియాలోని హ్నిలిచ్కి అనే చిన్న గ్రామం గ్రీకు కాథలిక్ చర్చిని వదిలి ఆర్థడాక్స్ మతంలో చేరాలని నిర్ణయించుకుంది. మతం మార్పు చట్టప్రకారం నేరం కాదు. అయినా ఆర్థడాక్స్ మతమంటే రష్యా అని అధికారులు భావించారు. గ్రామాన్ని ప్రోత్సహించాడన్న అనుమానంతో మతగురువు ఇవాన్ నౌమోవిచ్‌నూ, దోబ్రియాన్‌స్కీ, ఓల్గా సహా మొత్తం 11 మందినీ రాజద్రోహ నేరంపై 1882 వేసవిలో విచారించారు. ఉత్తరాలు, పత్రికలు సాక్ష్యాలుగా చూపారు. జ్యూరీ రాజద్రోహ ఆరోపణను అంగీకరించలేదు. నౌమోవిచ్‌తో సహా కొందరికి ప్రజాశాంతికి భంగం కలిగించారని చిన్న శిక్షలు పడ్డాయి. తండ్రీకూతుళ్లు నిర్దోషులుగా విడుదలయ్యారు. మూడు దశాబ్దాల క్రితం ఇదే చక్రవర్తి తరఫున జార్ సైన్యం వెంట నడిచిన మనిషి, ఇప్పుడు జార్ మనిషిగా అదే చక్రవర్తి న్యాయస్థానంలో నిలబడవలసి వచ్చింది.

ఆ తరువాత ఆయన వియన్నాలో, చివరకు తన ప్రజలకు చాలా దూరంగా ఇన్స్‌బ్రుక్‌లో నివసించాడు. 1901 మార్చి 19న అక్కడే మరణించాడు. భౌతికకాయాన్ని చెర్తిజ్నెకు తెచ్చి ఖననం చేశారు. ఓల్గా కుమారుడు ఇగోర్ గ్రబార్ బాల్యంలో కొంతకాలం ఆ గ్రామంలో తాత ఇంట పెరిగాడు. పెద్దయ్యాక రష్యాలో ప్రసిద్ధ చిత్రకారుడై మాస్కోలోని త్రెత్యకోవ్ గ్యాలరీకి అధిపతి అయ్యాడు.

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత 1919లో సెయింట్ జెర్మేన్ ఒడంబడిక ప్రకారం దక్షిణ కార్పాతియన్ రుసిన్ ప్రాంతం స్వయంప్రతిపత్తి హామీతో చెకొస్లొవేకియాలో చేరింది. ఆ హామీ 1938 అక్టోబరు వరకు అమలు కాలేదు. అమలైన ఐదు నెలలకే, 1939 మార్చిలో, హంగేరీ ఆ ప్రాంతాన్ని ఆక్రమించింది. మళ్లీ ఐదు నెలలే! యుద్ధానంతరం అది సోవియట్ ఉక్రెయిన్‌లో భాగమైంది. అక్కడి రుసిన్‌లనందరినీ ఉక్రేనియన్‌లుగా నమోదు చేశారు. తాము రష్యన్‌లమా, ఉక్రేనియన్‌లమా, వేరే జాతివారమా అన్న వాదం 1920లలోనే రుసిన్ విద్యావంతులను మూడు వర్గాలుగా చీల్చింది. ఆ వాదం నేటికీ తెగలేదు.

1991 మార్చిలో మొదటి ప్రపంచ రుసిన్ మహాసభ స్లొవేకియాలోని మెద్జిలబోర్త్సె పట్టణంలో జరిగింది. చెర్తిజ్నె అక్కడికి దగ్గరే. 1995 జనవరిలో స్లొవేకియా రుసిన్‌లు తమ సాహిత్య భాషకు ప్రామాణిక రూపాన్ని ప్రకటించారు. దాని ఆధారం పుష్కిన్ భాష కాదు, ఆ చుట్టుపక్కల గ్రామాల మాట.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఉజ్‌హొరోద్ జిల్లా ఏర్పాటుకూ, రద్దుకూ కారణాలను వియన్నా ప్రభుత్వ అవసరాల దృష్ట్యా వివరించండి.

2. రుసిన్ విద్యావంత వర్గం మతగురువులకే పరిమితం కావడం జాతీయోద్యమంపై ఎలాంటి ప్రభావం చూపింది?

3. భాష విషయంలో దోబ్రియాన్‌స్కీ వైఖరితో మీరు ఏకీభవిస్తారా? 1848 నాటి పరిస్థితులను దృష్టిలో ఉంచుకుని చర్చించండి.